కత్తులోళ్ల లైనుకు బారసాల

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డులో రైల్వే గేటు దాటి ఎడమ చేతికి తిరిగితే ఎనభై ఇళ్ల వాడ ఒకటి వస్తుంది. ముప్పై ఏళ్లుగా దానికి పేరు లేదు. ఆటోవాళ్లు, పాలవాళ్లు, కరెంటు బిల్లు కొట్టేవాళ్లు, అందరూ కత్తులోళ్ల లైను అంటారు. అక్కడున్నవాళ్ల పెద్దలు దెగ్లూరు, ముఖేడ్ వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన మరాఠీ కూలీలు. దసరా పోగానే ఎడ్లబండ్ల మీద వచ్చి, బోధన్ చుట్టూ తోటల గట్ల మీద గుడిసెలు వేసుకుని, ఎండలు ముదిరాక మళ్లీ బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. ఒక కరువు ఏడాది, పోయినా ఊళ్లో తాగడానికి నీళ్లు లేవని తెలిసి, ఈ గేటు పక్కన గుడిసెలు వేసుకుని ఆగిపోయారు. ఆ తర్వాత పోలేదు. చెరకు ఏటేటా తగ్గి, తోటలు వరిమడులై, ఆఖరుకు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. వాళ్లు కత్తులు అటకెక్కించి మగవాళ్లు గంజ్ మార్కెట్లో పసుపు బస్తాలు మోయడానికి, ఆడవాళ్లు పసుపు కొమ్ములు ఏరడానికి కుదురుకున్నారు. చెరకు కత్తి పట్టుకోవడం ఎలాగో తెలియని పిల్లలు పుట్టి పెరిగారు. వాడ మాత్రం కత్తులోళ్లదిగానే ఉండిపోయింది.

ఆ వాడకు పేరు పెట్టమని కార్పొరేషన్‌కు అర్జీ రాసే పని సుమన మీద పడింది. ఆమె ఆ మనుషుల పిల్ల కాదు. మోస్రాలో వరి పండించే తెలుగు వాళ్ల బిడ్డ. బోధన్ డిగ్రీ కాలేజీలో బి.ఏ. చదువుతూ మధుకర్‌ని ఇష్టపడి, తొమ్మిదేళ్ల కింద ఈ లైనుకు కోడలిగా వచ్చింది. మధుకర్‌కు గూడ్సు ఆటో ఉంది. సుమన ఇంటి పట్టునే ఉంటుంది. తెలుగులో కాగితం రాయాలంటే ఎనభై ఇళ్లవాళ్లూ ఆమె గడపకే వస్తారు.

ముందు దేవిదాస్ ఒక చిత్తుప్రతి తెచ్చాడు. వాడలో అందరికన్నా పెద్ద ఆయనే. ఎవరి చేతనో రాయించుకొచ్చాడు. సుమన అది చదివి పెన్ను తీసింది.

"కాకా, గీడ 'నెత్తురు ధారవోసి' అని రాసిండ్రు. ఎవరు ధారవోసిండ్రు?"

దేవిదాస్ ఎడమ చేయి చాపి చూపించాడు. చూపుడు వేలు సగమే ఉంది. "మరి గిది ఏడ వోయిందనుకున్నవ్? అచ్చంపల్లి తోటల పడ్డది. ఎతికినా దొరుకలె."

"గట్లయితే వేలు వోయిందని రాద్దాం."

"వేలు వోయిందని రాస్తే పేరు పెడ్తరా? నెత్తురు అంటే పెడ్తరు."

సుమన 'నెత్తురు' కొట్టేసింది. 'త్యాగాలు' కొట్టేసింది. నలభై సీజన్లు చెరకు కొట్టారని, ఒక్కో జంట రోజుకు బండెడు కొట్టి కట్టలు కట్టి ఎక్కించేదని, తిరిగి పోవడానికి చోటు లేక ఉండిపోయారని, తమ పిల్లల సర్టిఫికెట్లలో అడ్రసు 'రైల్వే గేటు దగ్గర' అని ఉంటోందని రాసింది. ఒక పేజీలో అయిపోయింది. దేవిదాస్ అటూ ఇటూ తిప్పి చూసి, "సప్పగున్నది గని నిజమే ఉన్నది," అని సంతకం పెట్టాడు.

సుమన మళ్లీ మనుషుల్లో పడిందని, మంచిదైందని వాడలో అనుకున్నారు. ఆమె చెవిన కూడా పడింది. అవుననీ కాదనీ ఆమెకు అనిపించలేదు. పని వస్తే చేస్తోంది. పొద్దున్నే కళ్లాపి చల్లుతోంది, బియ్యంలో రాళ్లు ఏరుతోంది, కూరలో ఉప్పు సరిగ్గా పడుతోంది. పద్నాలుగు నెలలుగా ఒక్క రోజు కూడా ఉప్పు తప్పలేదు. ఆ సంగతి ఆమెకే కొంచెం వింతగా ఉండేది.

పద్నాలుగు నెలల కింద ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు. నాలుగో రోజున ఒళ్లు పచ్చబడితే ఆస్పత్రిలో పెట్టారు. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి లేదు.

మోస్రాలో అయితే ఇరవై ఒకటో రోజున తొట్టెల వేసి పేరు పెడతారు. ఈ లైనులో పన్నెండో రోజే. పేరు పెట్టే హక్కు తల్లిది కాదు, తండ్రిది కాదు, మేనత్తది. మేనత్తను వాళ్లు ఆత్యా అంటారు. తండ్రి తోబుట్టువు పేరు ఆలోచించుకుని, ఎవరికీ చెప్పకుండా నోట్లోనే పెట్టుకుని ఉంటుంది. పన్నెండో రోజున తొట్టె మీదికి వంగి, బిడ్డ చెవిలో 'కుర్ర్‌ర్' అని కూసి, పేరు చెబుతుంది. ఆమె చెబుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లు పిడికిళ్లు బిగించి ఆమె వీపు మీద గుద్దుతారు. ఆ తర్వాతే ఆమె లేచి నిలబడి అందరికీ వినిపించేలా పేరు పలుకుతుంది. ఉడికించిన శనగ గుడాలు పంచుతారు. సుమన మొదటిసారి చూసినప్పుడు, పాపం ఎందుకు కొడుతున్నారని మధుకర్‌ని అడిగింది. "కొట్టకుంటే పేరు బయటికి రాదు," అన్నాడు మధుకర్ నవ్వుతూ.

మధుకర్ అక్క అనసూయ. లైనులో ఆత్యా అంటే ఆమే. అరవై దగ్గర పడ్డాయి. పెళ్లయిన ఆరేళ్లకే పుట్టింటికి తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొద్దున గంజ్‌కు పోయి పసుపు ఏరి, సాయంత్రం పచ్చటి చేతులతో వస్తుంది. మేనత్త లేని బిడ్డ ఎవరి ఇంట్లో పుట్టినా ఆమెనే పిలుచుకుపోతారు. అలా ఇరవై మందికి పైగా పేర్లు పెట్టింది. సొంత తమ్ముడి బిడ్డకు మాత్రం పెట్టలేకపోయింది. మూడు రోజులు తక్కువైంది.

అర్జీ ఇవ్వడానికి సుమన, దేవిదాస్ కలిసి కార్పొరేషన్ ఆఫీసుకు పోయారు. పేర్ల ఫైలు పైఅంతస్తులో. దేవిదాస్‌కు మోకాళ్ల నొప్పి, ఒక్కో మెట్టూ ఎక్కాడు. పని అయ్యాక ఆయన నీళ్లు తాగడానికి పోతే సుమన కింది వరండాలో నిలబడింది. ఎదురుగా జనన మరణాల కిటికీ ఉంది. ఆమె సంచిలో, ఇంటి నుంచి అర్జీతో పాటు తెచ్చిన పాప పుట్టిన సర్టిఫికెట్ ఉంది. ఎందుకు పెట్టుకుని వచ్చిందో ఆమెకు తెలుసు. మరణం కాగితంలో 'సుమన ఆడశిశువు' అని ఉంది. పుట్టిన కాగితంలో పేరు దగ్గర ఒక గీత, అంతే.

కిటికీ లోపలి గుమాస్తా కాగితం తిప్పి చూశాడు. "పేరు కాలమ్ ఖాళీ ఉన్నదమ్మా. ఎక్కియ్యొచ్చు. పదిహేనేండ్ల దాక టైముంటది. తల్లిదండ్రుల ఆధార్లు పెట్టి ఫారం నింపి ఇయ్యుండ్రి."

"చనిపోయినోళ్లకు సుత రాస్తరా?"

ఆయన తలెత్తి చూశాడు. "పుట్టిన కాయితంల పుట్టినోళ్ల పేరే గద తల్లీ రాసేది. రాస్తం," అని ఫారం కిటికీలోంచి తోశాడు.

ఇంటికి వచ్చాక సుమన ఆ ఫారం బల్ల మీద పరిచింది. అన్నీ నింపింది. పేరు దగ్గర ఆగిపోయింది. తనే ఏదో ఒక పేరు రాయొచ్చు. మధుకర్‌ని అడిగితే నీ ఇష్టం అంటాడు. ఒక్కో పేరూ అనుకుని చూసింది. ఏది అనుకున్నా ఎవరి పిల్లనో పిలిచినట్టే ఉంది. పాపకు పేరు లేకపోలేదు. ఉంది. అది ఇదే ఇంట్లో, ఇంకొకరి నోట్లో ఉంది.

సాయంత్రం అనసూయ వచ్చి, చేతులు కడుక్కుని, చాట ముందేసుకుని కూర్చుంది. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పసుపు పోదు.

"వదినె, బిడ్డకు ఏం పేరనుకున్నవ్?" అంది సుమన.

"ఏ బిడ్డకు?"

"మన ఇంట్ల ఎంతమంది బిడ్డలున్నరు?"

అనసూయ చాటలో బియ్యాన్ని ఒకసారి ఎగరేసింది. "గది చెప్పేది కాదు పిల్లా. చెవుల పడని పేరది. ఇంక కోరగనే ఉన్నది, కొత్త బట్ట తీర్గ. వచ్చేదానికి ఉంచిన."

"వచ్చేదానికి ఇంకోటి పెడుదువు. గిది దానిది."

"దానికేడ పెట్టినం?"

"పెట్టేటందుకే అనుకున్నవ్ గద."

అనసూయ చాట కింద పెట్టింది. "ఇనూ. పన్నెండు దినాలు నిండనిదాన్ని పేరు వెట్టి యాది చేసుకుంటే, పిలిచినట్టయితది. పిలిస్తే గదే మళ్ల వస్తది. వస్తది, నిలువది. మా అమ్మ గిట్లనే పిలుసుకున్నది. మూడు వోయినయ్. తోటల్లనే పెట్టొచ్చిండ్రు మూడింటిని. నాకు యాదికున్నది, ఆఖరి దాన్ని గోనెసంచిల నేనే పట్టుకున్న." ఆమె మళ్లీ చాట అందుకుంది. "నువ్వు నన్ను అడుగకు. తిట్టినా మంచిదే."

సుమన తిట్టలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల కింద పెట్టింది. పొయ్యి మీద పప్పు చూసుకుంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అనసూయ లేచి బయటికి పోయింది.

మూడు నెలలకు కౌన్సిల్‌లో తీర్మానం అయింది. ఆ డివిజన్ కార్పొరేటర్ భోజన్న స్వయంగా లైనుకు వచ్చి, దేవిదాస్ అరుగు మీద కూర్చుని చెప్పాడు. "మరాఠీ శ్రామిక నగర్. మీ జాతి పేరు మీద, మీరు చేసిన పని పేరు మీద. టౌన్ల ఇంకెవ్వలికి గిట్ల పెట్టలె."

దేవిదాస్ సగం వేలున్న చేత్తో దండం పెట్టాడు. మధుకర్ మాత్రం గోడకు ఆనుకుని నిలబడి, "అన్నా, మేం గీడ పుట్టినోళ్లం. మళ్ల మరాఠీ అని బోర్డు వెట్టుడు ఎందుకు? ఏ గాంధీ పేరో పెడితే అయిపోవు గద," అన్నాడు.

"గాంధీ పేర్లు ఆరున్నయ్ తమ్మీ. పోస్టుమ్యాను సచ్చిపోతుండు."

"కత్తులోళ్లు అనిపిచ్చుకునుడు కన్న మరాఠోళ్లు అనిపిచ్చుకునుడు నయం కాదురా?" అన్నాడు దేవిదాస్.

"గదే కాకా. ఏదో ఒకటి అనిపిచ్చుకునుడే ఉన్నది మనకు," అని మధుకర్ ఆటో కిరాయి ఉందని వెళ్లిపోయాడు.

అప్పుడు వెనక నిలబడ్డ ఆడవాళ్లలోంచి వసంత ముందుకొచ్చింది. నాలుగిళ్ల అవతల ఉంటుంది, ఇద్దరు పిల్లలకు అనసూయే పేర్లు పెట్టింది. "భోజన్నా, పేరు వెట్టేటప్పుడు నువ్వు జెప్పుడు కాదు. ఆత్యా చెప్పాలె."

"ఎవరి ఆత్యా?"

"వాడకు ఆత్యా. గీ గుడిసెలు ఏసినోళ్లంత ఆమెకు అన్నలు, తమ్ముళ్లు. వాళ్లు కన్న వాడ గిది. ఆమె కాకుంటే ఇంకెవరు పెడ్తరు?"

"పెట్టనియ్యిండ్రి. నాకేం? ఫోటోల నేనుంటే సాలు," అన్నాడు భోజన్న.

"వీపు మీద గుద్దుతం మల్ల."

"ఎవ్వలి వీపు మీద?"

ఆడవాళ్లంతా నవ్వారు. "నీది కాదు తియ్," అంది వసంత. "నీ వీపు ఎలక్షన్ల చూసుకుందం."

అనసూయకు ఆ మూడు మాటల పేరు పట్టుబడలేదు. మరాఠీ వస్తుంది, నగర్ వస్తుంది, మధ్యలో శ్రామిక దగ్గర ఆగిపోతుంది. చదువులేని మనిషి, ఎప్పుడూ ఒక్క మాట పేర్లే పెట్టింది. వారం రోజులు సుమన ఆమెకు వల్లె వేయించింది. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, "వదినె, చెప్పు," అనేది. అనసూయ చెప్పేది. నాలుగో రోజుకు కుదిరింది. ఐదో రోజున నిద్రలేవగానే మళ్లీ పోయింది.

"గింత పొడుగు పేరు ఎవ్వలికైన చెవుల పడ్తదా? బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తది," అంది.

"గది బోర్డు వదినె. ఏడువది."

ఆ మాటకు అనసూయ నవ్వింది. సుమన కూడా నవ్వబోయింది. పెదాలు కదిలాయి, అంతే.

ఆదివారం పొద్దున లైను మొదట్లో శామియానా వేశారు. సిమెంటు దిమ్మె మీద రెండు ఇనుప కాళ్లతో నీలం బోర్డు, దాని మీద పసుపు గుడ్డ. సుమన తెల్లవారకముందే లేచి రాత్రి నానబెట్టిన శనగలు ఉడికించింది. ఏడు కిలోలు. ఉప్పు, ఎండుమిర్చి, కొబ్బరి వేసి తాలింపు పెట్టి, రెండు గంగాళాల్లో మోయించుకుని వచ్చింది. మధుకర్ లేడు. నవీపేటకు సిమెంటు లోడు ఉందని పొద్దున్నే పోయాడు. లోడు లేకపోయినా ఉండేవాడు కాదని సుమనకు తెలుసు.

భోజన్న మైకులో పావుగంట మాట్లాడాడు. ఈ జిల్లా తియ్యదనంలో మరాఠీ అన్నదమ్ముల చెమట ఉందన్నాడు. నెత్తురు కూడా ఉందన్నాడు. దేవిదాస్ సుమన వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. కొబ్బరికాయ కొట్టారు. గుడ్డ లాగబోతుంటే వసంత అరిచింది, "ఆగుండ్రి! ముందుగాల ఆత్యా."

అనసూయను తీసుకొచ్చారు. కొత్త చీర, తల నిండా కొంగు, చేతులకు అదే పసుపు. బోర్డుకు చెవి ఎక్కడుంటుందని ఎవరో అడిగితే, ఇంకెవరో ఇనుప కాలు పక్కన చూపించారు. మళ్లీ నవ్వులు. అనసూయ నవ్వలేదు. ఈ పని ఆమె ఎప్పుడూ నవ్వుతూ చేయలేదు. దిమ్మె ముందు గొంతుక్కూర్చుని, కొంగును ఇనుప కాలు మీదికి మరుగుగా కప్పి, వంగింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. వసంత సుమన చేయి పట్టి లాగింది.

సుమన పిడికిలి బిగించింది. ముందు వసంత గుద్దింది, తర్వాత ఇంకొకరు. సుమన కూడా గుద్దింది. ఎముకలు తగిలాయి. అనసూయ వీపు ఇంత సన్నగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇంకోసారి గుద్దింది. మెత్తగా గుద్దాలని తెలుసు. ఆమె మెత్తగా గుద్దడం లేదు. అది ఆమెకు చేయి నొప్పి పెట్టినప్పుడు తెలిసింది. ఇంకోటి గుద్దింది. కొంగు మరుగున 'కుర్ర్‌ర్' అని వినిపించింది. తర్వాత అనసూయ ఇనుప కాలు దగ్గర ఏదో చెప్పింది, అది ఎవరికీ వినిపించలేదు.

అనసూయ దిమ్మె పట్టుకుని లేచింది. కళ్లు నీళ్లు తిరిగి ఉన్నాయి. భోజన్న మైకు ఆమె మూతి దగ్గర పెట్టాడు.

"చెప్పవ్వా. గట్టిగ."

"కేతకి," అంది అనసూయ.

మైకు బాగానే పని చేస్తోంది. రైల్వే గేటు దాకా వినిపించింది. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తినవాళ్లు అలాగే ఉండిపోయారు.

"ఏందవ్వా?" అన్నాడు భోజన్న. "కేతకి ఎవలు?"

ఆయన చేతిలోని కాగితం చూశాడు. దేవిదాస్ వైపు చూశాడు. దేవిదాస్ మరాఠీలో వసంతను ఏదో అడిగాడు. వసంత తెలియదన్నట్టు తల ఊపబోయి, సుమన ముఖం చూసి ఆపేసింది. అనసూయ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. గోళ్లు పచ్చగా కనిపిస్తున్నాయి.

సుమన చేయి ఇంకా పిడికిలి బిగించే ఉంది. అందరూ ఏదో అంటున్నారు. ఆమెకు అన్నీ వినిపిస్తున్నాయి. శామియానా తాడు ఒకటి వదులై గుడ్డ టపటపమంటోంది, అది కూడా వినిపిస్తోంది. ఇలాంటి క్షణాన ఎవరైనా పడిపోతారేమో, ఏడుస్తారేమో అనుకుంది. తనకు అలాంటిదేమీ కాలేదు. అనసూయ పక్కకు పోయి చెవి దగ్గర, "మరాఠీ శ్రామిక నగర్ అను వదినె," అంది.

అనసూయ అంది. మూడు మాటలూ తప్పు లేకుండా అంది. చప్పట్లు కొట్టారు. భోజన్న గుడ్డ లాగాడు. ఫోటోలు తీశారు. 'ముసలామెకు ఏవో గుర్తులు' అని ఎవరో అంటే, 'దేవత పేరై ఉంటది' అని ఇంకెవరో అన్నారు. సుమన గంగాళం దగ్గర నిలబడి గుడాలు పంచింది. ఒక్కొక్కరికి గరిటెడు. ఎనభై ఇళ్లకూ సరిపోయి, భోజన్న వెంట వచ్చినవాళ్లకు కూడా సరిపోయాయి.

ఇంటికి వచ్చాక అనసూయ గడప మీదనే కూర్చుండిపోయింది. కొత్త చీర కూడా మార్చుకోలేదు. సుమన మంచినీళ్లు ఇచ్చింది. పక్కన కూర్చుంది.

"వీపు నొస్తుందా?"

"నొస్తుంది." అనసూయ చెంబు కింద పెట్టింది. "మస్తుగ గుద్దినవ్ పిల్లా."

"అవ్."

"గిన్నేండ్లల ఎన్నడూ గిట్ల కాలె. నోట్లె గదొక్కటే ఉండె. ఏడాదిన్నరాయె, పొద్దుమాపు నోట్లనే ఉండె. బయటి పేరు ఎంత గుంజినా ముందుకు రాలె, గదే వచ్చె." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మొగలి పువ్వు. మొదలుసారి మా అమ్మతోని వస్తుంటే మంజీర ఒడ్డుకు బండి ఆపినం. యాడికెల్లి వస్తుందో తెల్వది వాసన, నిద్రే పోలె నేను. ఎవ్వలికీ పెట్టలె గా పేరు. మనోడికి బిడ్డ పుడితే పెట్టాలె అని దాచిన."

సుమన కింద పెట్టిన చెంబును పక్కకు జరిపింది.

"పిలిచిన గదనే. మైకుల పిలిచిన. మళ్లొస్తదేమో, మళ్ల..." అనసూయ ఆగింది. "నీకు బుగులైతలేదా?"

సుమన ఆ భయం కోసం తన లోపల వెతికి చూసింది. "అయితలేదు వదినె. ఏం అయితలేదు."

"ఇగ వచ్చేదానికి ఏం లేదు నా దగ్గర. పేరు అయిపోయింది."

"దానిది దానికి అందింది. అంతే గద," అంది సుమన. లేచి, అనసూయను లేపి, వీపుకు రాయడానికి కొబ్బరినూనె వేడి చేసింది. జాకెట్టు విప్పితే భుజాల మధ్య నాలుగు చోట్ల ఎర్రగా కమిలి ఉంది. ఆ నాలుగూ తనవే అయి ఉంటాయి. నెమ్మదిగా నూనె రాసింది.

మధుకర్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. ఒంటి మీది సిమెంటు దులుపుకుని, కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అనసూయ లోపల పడుకుని ఉంది. సుమన అన్నం వడ్డించింది, పక్కన మిగిలిన గుడాలు పెట్టింది.

"గేటు కాడ నవ్వుతున్నరు. తాయి ఏదో వేరే పేరు చెప్పిందట గద? ఏంది కథ?" అన్నాడు. అక్కను అతను తాయి అనే పిలుస్తాడు.

"అవ్. చెప్పింది. మజ్జిగ పొయ్యాల్నా?"

"పొయ్యి."

ఆమె పోసింది. గిన్నె మీద మూత పెట్టింది. "రేపు కార్పొరేషన్ ఆఫీసుకు పోవాలె. నీ ఆధార్ జిరాక్సు కావాలె, సంతకం సుత పెట్టాలె."

"మళ్ల ఏం పని? పేరు అయిపాయె గద."

"వాడది అయిపోయింది. బిడ్డది రాయించాలె."

అతని చేయి కంచంలోనే ఆగింది. ఏ బిడ్డ అని అడుగుతాడేమో అనుకుంది సుమన. అడగలేదు. వీధిలో ఎవరో పిల్లలు కొత్త బోర్డును రాళ్లతో కొట్టి చూస్తున్నట్టున్నారు, రేకు మోగుతోంది. వసంత అరుస్తోంది.

"తాయి చెప్పింది గదేనా?" అన్నాడు.

"గదే."

"నేను లేకుంటి. ఏం పేరు?"

అంతవరకు ఆ పేరు సుమన పైకి అనలేదు. నోట్లో ఎలా ఉంటుందో తెలియదు. "కేతకి," అంది. కూరగాయల పేరు చెప్పినంత మామూలుగా వచ్చింది.

"మళ్ల చెప్పు."

"కేతకి."

మధుకర్ తల వంచుకుని, పెదాలు కదిలించి ఒకసారి తనలో తాను అనుకుని చూశాడు. తర్వాత మిగిలిన అన్నం తిన్నాడు. కంచంలోనే చేయి కడుక్కుని, గోడకు తగిలించిన చొక్కా జేబులోంచి ఆధార్ కార్డు తీసుకుని, సెంటరు మూసేలోపు జిరాక్సు తీయించుకొస్తానని చెప్పులేసుకున్నాడు. సుమన బీరువా తీసి, చీరల కింద నాలుగు మడతల ఫారం తీసి, బల్ల మీద పరిచి, మడతలు పోయేలా అరచేత్తో రుద్దింది.